సున్నా మార్కుల విందు

పిల్లలకు పాఠాలు చెప్పే యాప్‌లు తయారుచేసే కుర్రాళ్ళూ అమ్మాయిలూ కొందరు ఈమధ్య నన్ను పిలిచి, మీ అనుభవాలు చెప్పండి మేడం అన్నారు. వాళ్ళకు పెద్ద బాధ ఒకటుందట. పిల్లలు యాప్ తెరిచి రెండు నిమిషాలైనా కూర్చోవడం లేదట. విని నాకు నవ్వొచ్చింది. మా బాధ దానికి సరిగ్గా తలకిందులు. మా పిల్లలు లేచేవాళ్ళు కాదు. బడి గంట కొట్టినా లేవరు, మాస్టారు కళ్ళెర్రజేసినా లేవరు. కరెంటు పోతే మాత్రమే లేచేవాళ్ళు, అదీ ఏడుస్తూ. అలాంటి పాఠం తయారుచేసి కూడా మా కంపెనీ మూతబడింది. ఎలా మూతబడిందో చెబితే ఆ యాప్ పిల్లలు మర్యాదకు తలూపారు గానీ నమ్మినట్టు కనిపించలేదు. అందుకే నిదానంగా రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అప్పుడు యాప్ అన్న మాటే లేదు, సీడీలుండేవి. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. అరిచి అరిచి గొంతు పాడైతే, కొన్నాళ్ళు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. మాట్లాడని టీచరును ఏ బడి ఉంచుకుంటుంది? ఆ సమయంలోనే దానవాయిపేటలో ఒక డాబా మీద పిల్లల పాఠాల సీడీలు చేసే కంపెనీ పెట్టారని తెలిసి వెళ్ళాను. పాఠాలూ ప్రశ్నలూ కాగితం మీద రాసిస్తే చాలు, మాట్లాడక్కర్లేదన్నారు. దేవుడు పంపిన ఉద్యోగం అనుకున్నాను.

కంపెనీ అంటే మేం ముగ్గురం. నేను, ప్రోగ్రాములు రాసే ఒక అమ్మాయి, మా యజమాని. అమ్మాయి ధవళేశ్వరం నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న అక్కడ ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేవాడు. యజమాని భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబంలో పుట్టినవాడు. ఇంజనీరింగు చదివాక చెరువు గట్టు మీద నిలబడి మేత చల్లించడం ఇష్టంలేక, తండ్రిని బతిమాలి ఈ కంప్యూటర్లు కొనిపించుకున్నాడు. తండ్రి ఒక షరతు పెట్టాడు. సర్కారు బళ్ళవాళ్ళు ఈ సీడీ తీసుకుంటే సరే, ఆఫీసు నడుపుకో. తీసుకోకపోతే కంప్యూటర్లు అమ్మేసి చెరువుల మీదకు వచ్చెయ్యాలి. ఈ సంగతి మా యజమాని మమ్మల్ని చేర్చుకున్నరోజే చెప్పేశాడు. రొయ్యల వాసన పడదండి నాకు, మీరే కాపాడాలి అన్నాడు. ఉద్యోగం ఇస్తూ అలా దండం పెట్టిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఆ ఇంటి మర్యాదల గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. వాళ్ళింట్లో ఉయ్యాల్లో పిల్లను కూడా మీరు అంటారు. అన్నం తిన్నారా అని మా యజమాని వీధికుక్కను అడగడం నేను చెవులారా విన్నాను. ఇంటికొచ్చిన మనిషి ఆకలితో వెళ్ళాడని తెలిస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదట. మా యజమాని అలా పెరిగాడు. పాపం, దాంతో ఆయనకు సాఫ్ట్‌వేరు చేయడం చాలా కష్టమైంది.

మూడో తరగతి ఎక్కాల మీద ఇరవై ప్రశ్నల క్విజ్ రాశాను. ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒకటి నొక్కాలి. రైటైతే చప్పట్లు, తప్పైతే బజరు, ఎర్ర ఇంటూ గుర్తు. లోకంలో అందరూ చేసేదే కదా అని అమ్మాయి అలాగే చేసింది. యజమాని కూర్చుని చూశాడు. ఒక తప్పు నొక్కాడు. బజరు మోగింది. ఆయన మొహం చిన్నబోయింది.

"ఏంటండీ ఇది, మొహమ్మీద అలా అరుస్తుంది? మన సీడీ పెట్టుకున్నారంటే మనింటికొచ్చినట్టు కదండీ. ఇంటికొచ్చినోళ్ళని తప్పు అంటామా?"

తప్పుని తప్పు అనకపోతే ఏమనాలండీ అని అడిగాను. ఆయన రెండు రోజులు ఆలోచించి జవాబు పట్టుకొచ్చాడు. తప్పు చెప్పిన పిల్లలకు ఏదన్నా పెడదాం అన్నాడు. పాపం తెలియకే కదా తప్పు చెప్పింది, కాస్త కడుపులో పడితే బుర్ర పనిచేస్తుంది అని ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. బళ్ళో పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలను నేనూ చూశాను. సరే అన్నాను.

దాంతో తెర మీదకు ఒక పెద్దమనిషి బొమ్మ వచ్చింది. తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో వడ్డన గిన్నె. ఆ బొమ్మకు గొంతు కావాలి. భీమవరం నుంచి యజమాని వాళ్ళ బాబాయిగారు దిగారు. వాళ్ళ చుట్టాల్లో ఎవరింట పెళ్ళయినా పంక్తుల మధ్య నిలబడి కొసరి కొసరి తినిపించే బాధ్యత ఆయనదేనట. ఆయన నిలబడితే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి బతికి బయటపడినవాడు లేడని చెప్పుకునేవారు.

రికార్డింగు గది అంటే చుట్టూ పరుపులు నిలబెట్టిన ఒక చిన్న గది. శబ్దం పడుతుందని ఫ్యాను ఆపేసేవాళ్ళం. బాబాయిగారు మైకు ముందు కూర్చుని కాగితం చూసి చదివితే బస్టాండులో బస్సుల పేర్లు చదువుతున్నట్టుంది. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా అదే తంతు. చివరికి నేను విసుగొచ్చి ఒక మూల నా క్యారియరు విప్పుకున్నాను. ఆయన చూశాడు. అంతే, గొంతు మారిపోయింది.

"అదేంటమ్మా, పిట్టకి పెట్టినట్టు అంత కొంచెం పెట్టుకున్నారు? ఆ ఒక్క ముద్దా తినండి, నా మాట వినండి."

అమ్మాయి చప్పుడు చేయకుండా మైకు ఆన్ చేసింది. ఆ రోజు నుంచి రికార్డింగు ఉన్నప్పుడల్లా నేను ఆయనకెదురుగా కూర్చుని తినాలి. అదే నా ఉద్యోగం. ఎదురుగా ఎవరన్నా తింటేనే ఆయనకు మాట పెగిలేది. కింద రోడ్డు మీద లారీ హారను కొడితే టేకు పోయేది, నేను ఇంకో గారె తినాల్సి వచ్చేది. గొంతు బాగుపడే లోపల నేను బాగా ఒళ్ళు చేశాను. మా ఇంట్లోవాళ్ళు ఇదేం ఉద్యోగమే అని అడిగితే చెప్పలేక, కంప్యూటరు పని అనేదాన్ని.

బాబాయిగారు వట్టి గొంతిచ్చి ఊరుకోలేదు. ఒకసారి వేసింది మళ్ళీ వేస్తే మర్యాదగా ఉండదన్నాడు. కాబట్టి ప్రతి తప్పుకూ కొత్త పదార్థం రావాలి. మొదటి తప్పుకు విస్తరి వేసి, ఓ మూల ఉప్పు వడ్డిస్తారు. తర్వాత పులిహోర, గారెలు, పూర్ణం బూరెలు, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, గుత్తివంకాయ, దప్పళం, ఇలా పెరుగు దాకా పోయి అరటిపండుతో ముగుస్తుంది. ఆయన రొయ్యల వేపుడు కూడా పెట్టాలన్నాడు. తినని పిల్లలుంటారండీ అని నేను అడ్డుపడితే చాలాసేపు బాధపడి, దాని స్థానంలో పనసపొట్టు కూరకు ఒప్పుకున్నాడు.

మరి రైటు చెబితే? జవాబు తెలిసిన మనిషికి ఇంక మన అవసరం ఏముందమ్మా, ఆయన పంక్తి లేచినట్టే అన్నాడు బాబాయిగారు. కాబట్టి ఒక్క రైటు జవాబు పడగానే బొమ్మ 'కరెక్టండి' అని క్లుప్తంగా చెప్పి, విస్తరి తీసేసి లోపలికి వెళ్ళిపోతుంది. మళ్ళీ తప్పు చెబితే కొత్త విస్తరి, మళ్ళీ ఉప్పు దగ్గర మొదలు.

ఇప్పుడు మీరు తల పట్టుకుంటున్నారని నాకు తెలుసు. మేం ముగ్గురం కూర్చుని దాన్ని చూసి, ఎంత పద్ధతిగా వచ్చిందో అని మురిసిపోయాం.

మొదటిసారి కడియంలో ఒక బళ్ళో పెట్టి చూశాం. మొక్కల నర్సరీల్లో పనికి పోయే వాళ్ళ పిల్లలు చదివే బడి. ఇద్దరికో కంప్యూటరు చొప్పున మావే మోసుకెళ్ళి కూర్చోబెట్టాం. అప్పటికి మార్కులు చూపించే పేజీ ఇంకా తయారుకాలేదు. దాని అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. మా యజమానికి తెలిసిన కొలత ఒక్కటే, వచ్చినవాళ్ళు ఎంతసేపు కూర్చున్నారు, తృప్తిగా లేచారా లేదా. ఆ లెక్కన మాది బ్రహ్మాండమైన విజయం. పిల్లలు మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. సాయంత్రం తల్లులు వచ్చి చెవులు పట్టుకుని లాక్కుపోయారు. హెడ్మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, నా సర్వీసులో పిల్లలు ఎక్కాల దగ్గర ఇంతసేపు కూర్చోవడం చూడలేదండి అన్నాడు. ఆ మాట పట్టుకుని మేం బడిబడికీ తిరిగాం. ఎక్కడికి వెళ్ళినా అదే ఆదరణ. రెండోసారి వెళ్ళేసరికి పిల్లలు చేతులు కడుక్కుని కూర్చుంటున్నారు. అది చూసి మా యజమాని కళ్ళు చెమర్చాయి.

సర్కారు బళ్ళకు సీడీలు ఎంపిక చేసే ఆఫీసరుగారు ఆఖరికి చూస్తానని కబురు చేశారు. ఆయన ఈ ప్రాంతం మనిషి కాదు. నిక్కచ్చిగా ఉంటారని పేరు. పిల్లలకు ఎన్ని మార్కులు వస్తున్నాయో తెర మీద కనిపించాలి, అది లేకపోతే రానన్నారు. అమ్మాయి ఒక్క పూటలో మార్కుల పేజీ రాసి పెట్టింది. తను ఒకసారి నొక్కి చూసుకుంది, ఇరవైకి ఇరవై వచ్చాయి. పేజీ పనిచేస్తోందని తేలింది.

ధవళేశ్వరం బళ్ళో ఏర్పాటు చేశాం. అమ్మాయి వాళ్ళ ఊరు కాబట్టి కరెంటు పోతే జనరేటరు తెచ్చే వీలుంది. అప్పటికి నెల రోజులుగా ఆ పిల్లలకు మా సీడీ అలవాటే. బాబాయిగారు కూడా ఇస్త్రీ పంచెతో వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. మా యజమాని ఆ ఉదయం ఏమీ తినలేదు. ఈ రోజు ఆయన సరేనంటే నేను ఇక్కడ ఉంటానండి, లేకపోతే ఎల్లుండి నుంచి చెరువు గట్టే అని నాతో నెమ్మదిగా అన్నాడు.  నా ఉద్యోగమూ దాంతోనే ఉంది మరి.

పిల్లలు కూర్చున్నారు. గది నిండా బాబాయిగారి గొంతే. ఒక కంప్యూటరు నుంచి 'వేడివేడి గారెలండి', ఇంకోదాన్నుంచి 'నెయ్యి పోయించుకోండి, మొహమాటపడకండి'. ఆఫీసరుగారు అటూ ఇటూ చూశారు. ఇది ఏ క్లాసు సబ్జెక్టు అని నన్ను అడిగారు. లెక్కలండి అన్నాను. 

ఇరవై ప్రశ్నలూ అయ్యాక మార్కుల పేజీ వచ్చింది. మొదటి కంప్యూటరులో సున్నా. ఆయన రెండోదాని దగ్గరకు వెళ్ళారు. సున్నా. మూడోది, నాలుగోది, చివరి వరసదాకా అన్నీ సున్నాలే. ఒక్కచోట మాత్రం ఒకటి వచ్చింది. ఆ పిల్లాడు చెయ్యి జారిందని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

ఆఫీసరుగారి మొహం కందగడ్డలా అయింది. మీ పాఠం మొదలుపెట్టక ముందు వీళ్ళకు కాస్తో కూస్తో వచ్చి ఉంటుంది, ఉన్నది కూడా ఊడ్చేశారు అని మా మీద విరుచుకుపడ్డారు.  అమ్మాయి ప్రోగ్రాములో ఏదో తేడా వచ్చిందని కంగారుగా తీగలు సరిచేస్తోంది. నేను మాత్రం ఆ సున్నాల వైపే చూస్తున్నాను. లెక్కల టీచరు బుర్ర కదా, ఒక అనుమానం వచ్చింది. నాలుగు జవాబుల్లో కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా ఇరవైలో నాలుగైదు రైటు పడాలి. అందరికీ సున్నా రావాలంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేయాలి.

సార్, ఎవరినన్నా ఒకరిని నోటితో అడిగి చూడండి అన్నాను. ఆయన ముందు బెంచీలో రెండు జడల పిల్లను లేపి, ఏడు ఎనిమిదులు ఎంత అని గద్దించారు.

"యాభై ఆరండి."

"మరి దీంట్లో యాభై ఎనిమిది ఎందుకు నొక్కావు?"

"యాభై ఆరు నొక్కితే విస్తరి తీసేస్తారండి. నేనప్పటికి గుత్తివంకాయ దాకా వచ్చేశానండి."

ఆయన ఇంకో పిల్లను అడిగారు. ఆ తర్వాత వరసపెట్టి అందరినీ అడిగారు. ఒక్కరు తడుముకోలేదు. ఎక్కాలన్నీ నోటికి వచ్చు. రాకపోతే అరటిపండు దాకా వెళ్ళలేరు. ఏది రైటో ముందు కచ్చితంగా తేల్చుకుని, ఆ తర్వాత దాన్ని తప్పించుకుని పక్కది నొక్కుతున్నారు. నా గొంతు పోయేలా అరిచినా పిల్లలకు ఎక్కని ఎక్కాలు, బాబాయిగారి గారెల కోసం ఎక్కేశాయి.

ఆఫీసరుగారు చెడ్డవాడేం కాదు. జేబురుమాలుతో మొహం తుడుచుకుని తనే ఒక కంప్యూటరు ముందు కూర్చున్నారు. పరీక్షించాలి కదా అన్నారు. మొదట గబగబా నొక్కారు. పులిహోర దాటాక నెమ్మదించారు. మేమంతా వెనక నిలబడ్డాం. బాబాయిగారి గొంతు ఆయన్ను కాస్త పప్పు కలుపుకోమని బతిమాలుతుంటే, నిజం బాబాయిగారు వెనక బెంచీ మీద అదే మాట పెదాలతో అంటున్నారు. దప్పళం దగ్గర తొమ్మిదో ఎక్కంలో ఆఫీసరుగారు పొరబాటున రైటు నొక్కారు. విస్తరి వెళ్ళిపోయింది. ఆయన ఛ అని బల్ల మీద కొట్టారు. వెంటనే మమ్మల్ని చూసి గొంతు సవరించుకున్నారు.

లేచి నిలబడి, వస్తువు బాగుంది, తీసుకుంటాను అన్నారు. మా యజమాని చేతులు జోడించాడు. ఒక్క మార్పు చెయ్యండి, రైటు చెప్పినవాళ్ళకే వడ్డన, తప్పు చెబితే బజరు, ఇరవైకి ఇరవై వస్తాయి, నేను సంతకం పెడతాను అన్నారు. ఎంతసేపు పడుతుందని అమ్మాయిని అడిగితే, రెండు పదాలు అటూ ఇటూ మార్చాలండి, ఇప్పుడే చేసేస్తానని కూర్చుంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. చాలా చిన్న మార్పు. నిజానికి మొదటినుంచీ అలాగే ఉండాల్సింది. అందరం యజమాని వైపు చూశాం. ఆయన ఊ అంటే చాలు.

ఆయన అనడు. నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఎవరికీ ఎప్పుడూ కాదు అని చెప్పగా నేను వినలేదు. కరెంటు బిల్లు వసూలుకొచ్చినవాడికి కూడా టీ ఇచ్చి, కూర్చోబెట్టి, రేపు రమ్మనేవాడు. అలాంటి మనిషికి ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో మెడనరాలు చూస్తే తెలుస్తోంది.

"కుదరదండి. ఎక్కాలు రాని పిల్లలూ ఉంటారు కదండీ. పక్కోడికి బూరెలు పడుతుంటే వాళ్ళు బజరు వింటూ కూర్చోవాలి. పంక్తిలో ఒకళ్ళకి వడ్డించి ఒకళ్ళని వదిలేయడం మావల్ల కాదండి."

"ఇది పంక్తి కాదయ్యా, పరీక్ష" అన్నారు ఆఫీసరుగారు.

మా యజమాని తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన చొక్కా లాగాను, ఇవి బొమ్మ బూరెలండీ అని చెవిలో చెప్పాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన వినలేదు. ఆఫీసరుగారు ఫైలు మూసేశారు. తర్వాత జీపెక్కి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు కొబ్బరిబోండం తాగి వెళ్ళండని మా యజమాని వెంటపడి బతిమాలాడు, ఆయన తాగారు కూడా.

మూడోరోజున భీమవరం నుంచి రొయ్యల మేత మోసే లారీ వచ్చింది. ముందు సీట్లోంచి యజమాని తండ్రి దిగారు. ఆయన్ను చూడటం నాకదే మొదలు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. మేం కంప్యూటర్లకు గోనెలు చుడుతున్నాం. మా యజమాని తండ్రి మొహం చూడలేక కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఒక్క ఊ అంటే ఆర్డరు వచ్చేదని ఎవరో ఆయనకు దారిలోనే చేరవేశారు. ఇంక ఇక్కడ పెద్ద గొడవ జరుగుతుందని అమ్మాయీ నేనూ బిక్కచచ్చి నిలబడ్డాం.

ఆయన కుర్చీ లాక్కుని నా వైపు తిరిగారు. జరిగిందంతా మొదట్నుంచీ చెప్పమన్నారు. చెప్పాను. దాచలేదు, మీ అబ్బాయిగారిది మొండితనం అని కూడా అన్నాను. ఆయన అంతా విన్నారు.

"పిల్లలకి ఎక్కాలు వచ్చాయా అమ్మా?"

"అందరికీ వచ్చాయండి."

"తృప్తిగా లేచారా?"

"లేవమంటే ఏడ్చారండి."

ఆయన కొడుకు వైపు తిరిగారు.

"పిల్లలకి చదువొచ్చింది, కడుపు నిండింది అంటున్నారు. మరి ఆ ఆఫీసరు గారికి ఇంకేం కావాలంటండీ బాబూ?"

మా యజమాని భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. ఇటు తిరిగాక చూస్తే నవ్వుతున్నాడు. తండ్రి లేచి వెళ్ళి కొడుకు వీపు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అక్కడే ఉంచి, కిటికీలోంచి కిందకు వంగి లారీ మనుషులకు చెప్పారు, "పైకి రండర్రా, సామాన్లు జాగ్రత్తగా దించి లారీ ఎక్కించండి."